అతుకు అందం కాదు, ఆనిక ముఖ్యం

కథలూ కవిత్వమూ చర్చించుకునే చోట ఈ ఇనుప గొట్టాల గోల ఏమిటని చదువరులు విసుక్కోవచ్చు. కాని చేతిపనిని మనం మెచ్చుకునే తీరులో ఒక లోపం ఉన్నదని నాకు చాలాకాలంగా అనిపిస్తున్నది. కంటికి కనబడే నేర్పును పొగుడుతాము. కనబడని నేర్పును లెక్కలోకి తీసుకోము. ఇంట్లో వెల్డింగు చేసి తయారుచేసుకున్న టర్బో ఎగ్జాస్ట్ మానిఫోల్డు పొగ కారకుండా నిలవటం, నిలవకపోవటం ఈ రెండో నేర్పు మీదే ఆధారపడి ఉంటుందని నా వాదం.

ముందు వస్తువు సంగతి. సిలిండర్లలో మండిన వాయువును ఒకచోటికి చేర్చి టర్బో మూతికి అందించేది మానిఫోల్డు. వృథాగా పోయే ఆ వాయువుతో ఒక చక్రాన్ని తిప్పించి, దాని బలంతో ఇంజనులోకి మరింత గాలిని కుక్కవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఫ్యాక్టరీ నుంచి టర్బో లేకుండా వచ్చిన కారుకు దాన్ని తగిలించుకునే అభిరుచి అమెరికాలో బాగా పాతది. 1989లో అక్కడ అమ్మకానికి వచ్చిన మాజ్డా మియాటా 1.6 లీటర్ల ఇంజను అందుకు మంచి ఉదాహరణ. తమకు దొరికిన టర్బో, తమ కారులో ఉన్న చోటు, ఈ రెండింటికీ సరిపడే మానిఫోల్డు దొరకనప్పుడు, కొందరు పైపు వంపులు కొని సొంత షెడ్డులోనే అతుక్కుంటారు.

ఇక్కడ కారటమంటే చప్పుడు ఒక్కటే కాదు. టర్బోకు ముందే వాయువు తప్పించుకుంటే చక్రం ఆలస్యంగా అందుకుంటుంది. రెండు విసురుల మధ్య బయటి గాలి ఆ సందులోంచి లోపలికి చొరబడితే, ఆక్సిజన్ సెన్సరు అసలు లేని గాలిని చూసి తప్పు చెబుతుంది. ఆ మాట నమ్మిన కంప్యూటరు అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. పెట్రోలు టర్బో ఇంజనులో ఈ వాయువు 900 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కగలదు; పక్కన ఉన్న వైర్లకూ రబ్బరు గొట్టాలకూ ఆ సెగ చాలు. అన్నిటినీ మించి, వాసన లేని కార్బన్ మోనాక్సైడు కారు లోపలికి చేరితే ప్రాణానికే ముప్పు. కనుక ‘కొంచెం కారితే ఏమవుతుంది’ అనే మాటను నేను ఒప్పుకోలేను.

ఆ మధ్య అటువంటి మానిఫోల్డు ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. స్టెయిన్‌లెస్ స్టీలు మీద బంగారు రంగు అతుకు, చేపపొలుసుల వరసలాగా ముచ్చటగా ఉన్నది. ఇంజనుకు ఆనవలసిన ఫ్లాంజి ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెడితే మాత్రం, నడుమ ఆని, రెండు చివరలా కింద నుంచి వెలుగు కనిపించింది. దానికి కారణం రహస్యమేమీ కాదు. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. గొట్టాలన్నీ ఫ్లాంజికి ఒకవైపే ఉంటాయి కనుక ఆ ముడుత ఫ్లాంజి చివరలను గొట్టాల వైపుకు లాగుతుంది. అతికేవాడు ఎంత నేర్పరి అయినా ఈ లాగుడు తప్పదు. తప్పనిదాన్ని అదుపులో పెట్టటమే అసలు పని.

అందుకు చేయవలసినవి ఎవరూ ఫోటో తీయని పనులు. 10, 12 మిల్లీమీటర్ల దళసరి ఫ్లాంజి ఎంచుకోవాలి. పైపు చివరను సందు లేకుండా అరగదీసి కూర్చాలి, ఎందుకంటే సందు పూడ్చటానికి పోసే ప్రతి చుక్కా లాగుడును పెంచుతుంది. ఫ్లాంజిని మందపాటి ఉక్కు పలకకో, పనికిరాని పాత సిలిండర్ హెడ్డుకో బిగించి, ముందు అన్ని చోట్లా ట్యాకులు వేసి, తరువాత ఒకచోట కొంచెం, దానికి దూరంగా మరొకచోట కొంచెం అతకాలి. పూర్తిగా చల్లారేదాకా బోల్టు విప్పరాదు. అప్పటికీ విప్పగానే కొంత వంపు తిరిగి వస్తుంది. కనుక చివరగా ముఖాన్ని మిల్లింగు యంత్రం మీద చదును చేయించక తప్పదు. స్టెయిన్‌లెస్ అయితే గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకుంటే అతుకు లోపలి వైపు మాడి గరుకు తేలి, పగుళ్లకు మొదలు అక్కడే పడుతుంది.

చదునుతో కథ ముగియదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు 400 మిల్లీమీటర్ల పొడవున 600 డిగ్రీలు వేడెక్కితే 4 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న అల్యూమినియం హెడ్డు, నీళ్లతో చల్లబడుతూ ఉంటుంది కనుక, ఒక మిల్లీమీటరైనా సాగదు. చల్లగా ఉండే హెడ్డుకు ఆనుకున్నందువల్ల ఫ్లాంజి గొట్టాలంత వేడెక్కదు, కాని పెనుగులాట మాత్రం ఉంటుంది. అందుకే నడిమి రంధ్రాలను సరిపాటుగా, చివరి రంధ్రాలను కోలగా తొలిచి ఫ్లాంజి జరగటానికి వీలివ్వాలి. టర్బో బరువును గొట్టాల మీద వేలాడదీయక వేరే బద్దీతో ఇంజనుకు ఊతమివ్వాలి. కదలనివ్వకుండా పట్టి ఉంచితే ఏదో ఒక అతుకు పగిలి తీరుతుంది.

‘ఇంత శ్రమ ఎందుకు, మందపాటి గాస్కెట్ వేసి ఎర్ర సిలికాన్ పూస్తే సరి’ అనేవారున్నారు. ఆ సిలికాన్ తట్టుకునేది సుమారు 300 డిగ్రీలు. ఈ చోటికి అది చాలదు. గాస్కెట్ చేసే పని గరుకును పూడ్చటమే; వంపును అది సరిచేయదు. నట్లు మరింత బిగిస్తే స్టడ్డు తెగుతుంది, లేదా అల్యూమినియంలో మర ఊడుతుంది.

‘పోత ఇనుముది కొనుక్కోవటం మేలు కదా’ అన్న మాటలో మాత్రం న్యాయం ఉన్నది. సరిపడేది దొరికితే కొనుక్కోవటమే మంచిదని నేనూ అంటాను. దొరకనప్పుడు సొంతంగా చేసుకున్నది నిలవదనే తీర్పును మాత్రం ఒప్పుకోను. కారే మానిఫోల్డులకు నింద పడుతున్నది వెల్డింగు మీద. నిజానికి చాలాసార్లు లోపించింది చల్లారేదాకా ఆగే ఓపిక.

కనుక ఈ పనిని మరొకరికి అప్పగించే మిత్రులకు నా మనవి ఒకటే. పాత అతుకుల ఫోటోలు చూపమని అడగకండి. ఫ్లాంజిని దేనికి బిగించి అతుకుతారో, ఎప్పుడు విప్పుతారో, విప్పాక ముఖం ఎక్కడ చదును చేయిస్తారో అడగండి. బిగించే ముందు రంధ్రాలు మూసి, కొద్దిపాటి గాలి పట్టించి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోసి చూపమనండి. ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషికి, అతుకు కాస్త వంకరగా ఉన్నా సరే, పని ఇవ్వండి.