ఆదివారం రేడియోలో వినిపించిన పేర్లు

మతాధిపతి రాజకీయాలు మాట్లాడవచ్చా? ఈ ప్రశ్న ఎప్పుడు పుడుతుందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. సైనిక పాలకుడి ప్రమాణ స్వీకారానికి వెళ్లి బిషప్ ఆశీర్వదిస్తే అది సంప్రదాయం. తుపాకీకి బలైన కూలీ పేరు పలికితే రాజకీయం. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో మోసిన నింద ఇదే.

1977 ఫిబ్రవరిలో ఆయన శాన్ సాల్వడార్ పీఠం ఎక్కినప్పుడు కాఫీ తోటల ఆసాములు సంతోషించారు. పుస్తకాల మనిషి, మన జోలికి రాడనుకున్నారు. దేశమంతా 14 కుటుంబాల గుప్పిట్లో ఉందని జనం చెప్పుకునే చోటు అది. నెల తిరగకముందే, మార్చి 12న, కూలీలను కూడగడుతున్న ఆయన మిత్రుడు ఫాదర్ రుటిలియో గ్రాండేను కాల్చి చంపారు. పక్కనున్న ముసలాయననూ, పిల్లవాడినీ వదల్లేదు. రొమేరో ఒక ఆదివారం తన పరిధిలోని చర్చిలన్నిటిలో పూజ ఆపించి, కేథడ్రల్‌లో ఒకే ఒక్క దివ్యబలిపూజ జరిపించారు. జులైలో కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి గైర్హాజరయ్యారు.

న్యాయం గెలవాలని, పేదలను ఆదుకోవాలని ఏ పీఠాధిపతైనా చెబుతాడు. అలాంటి మాటలకు ఏ పాలకుడికీ నిద్ర చెడదు. రొమేరో ప్రసంగం చివర ఆ వారం హతమైనవారి, మాయమైనవారి పేర్లు, ఊళ్లతో సహా చెప్పేవారు. పత్రికలు అచ్చువేయని ఆ వార్తలు వైఎస్ఏఎక్స్ అనే చర్చి రేడియోలో దేశమంతా వినిపించేవి. అందుకే ఆ స్టేషన్‌ను బాంబులతో పేల్చారు. పల్లెలో కొడుకు కోసం వెతుకుతున్న తల్లికి ఆ ప్రసంగం వేదాంతం కాదు, కబురు.

ఆయన్ను కమ్యూనిస్టు అన్నారు. గెరిల్లాల అపహరణలనూ హత్యలనూ ఖండించిన సంగతి ఆ నోళ్లకు గుర్తు రాలేదు. 1980 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు, సైనిక సాయం ఆపమని లేఖ రాశారు. సాయం ఆగలేదు.

మార్చి 23న మాత్రం ఆయన జనరళ్లను పక్కనపెట్టి నేరుగా సిపాయిలతో మాట్లాడారు. మీరు చంపుతున్నది మీ తోటి రైతులనే, దేవుడి ఆజ్ఞకు విరుద్ధమైన ఉత్తర్వును పాటించనక్కర్లేదు అని చెప్పి, అణచివేత ఆపమని ఆజ్ఞాపించారు. నా దృష్టిలో ఆయన చేసిన అతిపెద్ద 'నేరం' ఇదే. ఆ సిపాయిల్లో అత్యధికులు పేద రైతుల బిడ్డలే. వాళ్లు తుపాకి దించితే ఆసాముల రాజ్యం ఒక్క రోజు కూడా నిలవదు. మర్నాడు సాయంత్రం, ఒక ఆస్పత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా ఒకే ఒక్క తూటాతో ఆయన్ను చంపేశారు.

ఆ హత్యకు ఆదేశించింది మాజీ మేజర్ రాబర్టో డాబ్యుసన్ అని 1993 మార్చి 15న ఐక్యరాజ్యసమితి సత్య కమిషన్ తేల్చింది. అప్పటికే అతను చనిపోయాడు. మిగిలినవాళ్ల కోసం కాబోలు, ఐదు రోజులకే ఆ దేశ చట్టసభ క్షమాభిక్ష చట్టం చేసింది. రోమ్‌లోనూ రొమేరో పునీత హోదా ఫైలు ఏళ్ల తరబడి కదల్లేదు. చివరికి 2018 అక్టోబరు 14న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. ఆ రోజు పోప్ నడుముకు కట్టుకున్నది రొమేరో నెత్తుటి మరకలున్న తాడే. హత్య కేసులో క్రిమినల్ కోర్టు శిక్ష వేసినవాడు మాత్రం అప్పటికి ఒక్కడూ లేడు.