తీరమునకు తొలికోట

1942 ఏప్రిల్ 6వ తేది సోమవారము ఆంధ్రదేశచరిత్రమున మరవరాని దినము. ఆ తేది అదివరకే మన జాతీయోద్యమమునకు పవిత్రమైనది. 1919లో రౌలటు శాసనమును నిరసించుచు దేశము హర్తాళు జరిపినది ఆ తేదిననే. 1930లో దండి తీరమున మహాత్ముడు పిడికెడు ఉప్పునెత్తి పరప్రభుత్వపు చట్టమును ధిక్కరించినదియు ఆ తేదిననే. అట్టి జాతీయవారపు మొదటి దినమున జపాను విమానములు బంగాళాఖాతము మీదుగా వచ్చి విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ రెండు రేవులకు నడుమ, రైలుమార్గముపైనున్న మన యెలమంచిలికి విశాఖ సుమారు 60 కిలోమీటర్ల దూరము. కావున ఈ కథ మనకు దూరదేశపు యుద్ధవార్త కాదు. మన గడపలోని మాట.

ఆనాటి బాంబులవలన కలిగిన నష్టము, అదే యుద్ధమున ఇతర నగరములకు వాటిల్లిన నష్టముతో పోల్చిచూచినచో స్వల్పమే. కాని బాంబులు చేయజాలని పనిని భయము చేసినది. విశాఖవాసులు అనేకులు ఇండ్లకు తాళములు వైచి, పిల్లలతో మూటలతో లోపలి పల్లెలకు తరలిపోయిరి. చెన్నపట్టణమున ప్రభుత్వమే ముందు నడచి దారి చూపినది. శత్రునౌకలు దండెత్తి వచ్చుచున్నవను పొరపాటు వార్తను నమ్మి, అదే ఏప్రిల్ నెలలో ప్రభుత్వ కార్యాలయములను లోపలి ప్రాంతములకు తరలించిరి. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములను కాల్చి చంపించిరి. ఏలువారే మూటగట్టుకొనిన పిమ్మట ఏలబడువారు నిలుతురా? చిన్న విమానములు కొన్ని ఇంతటి తీరమును ఇంతగా కదలింపగలుగుటకు కారణమేమి? ఆ విమానముయొక్క యుద్ధచరిత్రమును తరచిచూచినచో కారణము దానంతట బయటపడును.

విశాఖపై వచ్చినది నకజిమా కంపెనీవారు నిర్మించిన 97వ తరగతి నౌకాదాడి విమానము. జపానీయుల శకము ప్రకారము 2597వ సంవత్సరమున, అనగా 1937లో, అంగీకరింపబడినదగుటచే దానికి 97 అను పేరు వచ్చినది. మిత్రపక్షమువారు తమ సౌలభ్యముకొరకు దానిని ‘కేట్’ అని పిలిచిరి. యంత్రమొకటి, మనుష్యులు ముగ్గురు. విమానవాహకనౌకలో ఇముడుటకై రెక్కలు మడచుకొనును. ఒక టార్పీడోనైనను, సుమారు 800 కిలోగ్రాముల బాంబునైనను మోయగలదు. మొత్తము సుమారు 1,150 మాత్రమే నిర్మింపబడినవి. భారమున గాని పరిమాణమున గాని అది గొప్ప విమానము కాదు. పైలటుకు కవచము లేదు. పెట్రోలు తొట్టికి రక్షణపొర లేదు. ఒక్క తూటా తగిలిన మండిపోవునది. అట్టి బలహీనమైన యంత్రము ఆరునెలలకాలము సముద్రములపై ఏకచ్ఛత్రాధిపత్యము నెరపినదన్న, దాని బలము దానియందు లేదు, ఎదుటివారి ఏమరుపాటునందున్నది.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడిచేసిన సుమారు 350 విమానములలో ఈ జాతివి 143. ‘అరిజోనా’ యుద్ధనౌకపై బాంబు వైచి, 1,177 మంది ప్రాణములు బలిగొనినది ఈ విమానమే. ఆనాటి ఉదయము దీవి ఉత్తరమున రాడారు యంత్రముకడ నున్న సైనికులు విమానముల గుంపును ముందుగనే కనుగొనిరి. కనుగొని పైవారికి తెలిపిరి కూడ. విన్న అధికారి అవి తమదేశమునుండి రానున్న విమానములని తలచి ఊరకుండెను. కన్ను చూచినది, నోరు చెప్పినది, చెవి వినినది. చేయి మాత్రము కదలలేదు.

1942 ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియా ఉత్తరతీరమందలి డార్విను నగరముపై దాడి జరిగినది. బాథర్స్టు దీవియందలి క్రైస్తవమఠమునుండి ఒక మతగురువు, విమానములు పోవుచున్నవని రేడియోద్వారా హెచ్చరించెను. ఆ హెచ్చరికయు వ్యర్థమయ్యెను. ఇన్నూటికి పైగా జనులు మడిసిరి. మిగిలినవారు దొరికిన వాహనములపై దక్షిణమునకు పరుగిడిరి. జరిగిన లోపములపై విచారణసంఘము సమర్పించిన నివేదిక 1945 వరకును ప్రజల కంటబడలేదు.

ఏప్రిల్ 5న కొలంబోవంతు వచ్చినది. అంతకు ముందటి దినముననే కెనడా వైమానికుడు లియొనార్డు బర్చల్ తన గస్తీవిమానమునుండి జపాను నౌకలను కనిపెట్టి, కూల్చబడుటకు మునుపే వార్త పంపగలిగెను. ఆ ఒక్క వార్తవలన కొలంబో రేవునుండి అనేక నౌకలు ముందుగనే తొలగింపబడినవి. నగరమునకు నష్టము కలుగకపోలేదు. అయినను రేవు నిండ నౌకలుండగా దాడి జరిగినచో ఎట్లుండెడిదో పెర్ల్ హార్బరు అంతకుముందే చూపియున్నది. సకాలమున చేరిన ఒక్కమాట విలువ ఇంతటిది.

ఆ మరునాడే మన తీరము. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వమున ‘ర్యూజో’ అను చిన్న విమానవాహకనౌకయు, దానితో క్రూజర్లును డిస్ట్రాయర్లును బంగాళాఖాతమున ప్రవేశించి, రక్షణనౌకలు తోడులేక పోవుచున్న వర్తకనౌకలను కొద్దిదినములలోనే ఇరువదికి పైగా ముంచివైచినవి. ర్యూజోనుండి లేచిన విమానములే విశాఖ, కాకినాడ రేవులపైకి వచ్చినవి. విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది. అచట సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసి అప్పటికి పూర్తిగా సంవత్సరము కాలేదు. దేశీయుల పరిశ్రమకు తొలిమొలక వేయుచున్న ఆ రేవునకు తగిన వైమానికరక్షణ లేదు. వచ్చిన విమానములు తమపని ముగించుకొని మరలిపోయినవి.

ఎదిరించువారు మేలుకొనిన పిమ్మట ఇదే విమానముయొక్క గతి ఏమయ్యెనో చూడుడు. మే నెలలో పగడాలసముద్రపు యుద్ధమున ఇది అమెరికావారి ‘లెక్సింగ్టన్’ వాహకనౌకను దెబ్బతీసినది. అందు తానును మిక్కిలిగా నష్టపడినది. జూన్ 4న మిడ్వే యుద్ధమున, జపాను సంకేతలిపిని ముందే ఛేదించియుండిన అమెరికనులు పొంచియుండి నాలుగు వాహకనౌకలను ముంచిరి. ఈ విమానములును వానితోడనే నీటిపాలయ్యెను. మన తీరమును భయపెట్టిన ర్యూజో ఆగస్టు 24న సోలమను దీవులకడ మునిగినది. విశాఖపై దాడిచేసిన నాటినుండి సరిగా 140 దినములు! అక్టోబరులో ‘హార్నెట్’ నౌకను దెబ్బతీయుటతో దాని ప్రతాపము ముగిసినదనవచ్చును. యుద్ధాంతమునాటికి అది శిక్షణకును గస్తీకిని, తుదకు ఆత్మాహుతి దాడులకును మిగిలినది. యంత్రము మారలేదు, మారినది ఎదుటివారి ఎరుక. నిద్రించువానిపై సింహమై దూకినది మేలుకొనినవానియెదుట మిడుతవలె మాడినది.

మరి మన తీరము ఏల మేలుకొనియుండలేదు? మేలుకొను అధికారము మనకు లేదు గనుక. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్లిత్‌గో ప్రజాప్రతినిధులను ఒక్కమాటైన అడుగక ఈ దేశమును యుద్ధమునకు ఈడ్చెను. 1942 మార్చిలో వచ్చిన క్రిప్సు రాయబారము చిక్కుపడిన ప్రధానవిషయములలో ఒకటి రక్షణశాఖ ఎవరిచేత నుండవలెననునదే. ఆ చర్చ ఢిల్లీలో నడచుచుండగనే విశాఖపై బాంబులు పడినవి. వారము తిరుగకమునుపే రాయబారము భగ్నమైనది. తన యింటికి తాను కావలికాయు హక్కులేనివాడు దొంగవచ్చినపుడు పరుగెత్తిన, వానిని పిరికివాడని నిందించుట న్యాయముకాదు. ఆనాడు లోపించినది ప్రజల ధైర్యము కాదు. ప్రజలపై ఏలికల విశ్వాసము. నిజము చెప్పినచో జనులు బెదరుదురని నిజమును దాచిరి. దాచినచోట వదంతి పుట్టినది. బాంబు పడినచోటనే పగులును. వదంతి పడనిచోటగూడ పగులును.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఇదే సముద్రము వేరొక దృశ్యమును చూచినది. 1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి ప్రాంతమున పాకిస్తాను జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ ముంగిట మునిగిపోయినది. మన విమానవాహకనౌక ‘విక్రాంత్’ విశాఖలోనే యున్నదని శత్రువు నమ్మునట్లు తూర్పునౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మాయపన్ని, ఆ నౌకను ముందే అండమాను జలములకు తరలించియుండెను. డిసెంబరు 4న దానిపైనుండి ‘సీ హాక్’ అను చిన్న దాడివిమానములు లేచి కాక్స్‌బజారుపైనను చిట్టగాంగుపైనను దాడిచేసినవి. అవియు ఒకే యంత్రము, ఒకే పైలటు గల తేలిక విమానములే. 1947లో తొలిసారి ఎగిరిన పాతరకమువే. విక్రాంతునకు బాయిలరు చెడి పూర్ణవేగము లేకుండెను. అయినను గెలిచినవి. శత్రువునకు తెలియరానిది తెలియనీయలేదు. మనవారు తెలిసికొనవలసినది ముందుగా తెలిసికొనిరి. 29 ఏండ్లలో మన సముద్రము పారిపోవుచోటునుండి బయలుదేరుచోటుగా మారినది.

ఇందుకు కొందరు ఒక ఆక్షేపణ చెప్పుదురు. యుద్ధకాలమున రహస్యము ప్రాణము గదా, ప్రజలకు అన్నియు చెప్పిన శత్రువునకును తెలియదా అని. నిజమే, కృష్ణన్‌గారి విజయమే రహస్యముపై నిలిచినది. నౌక ఎచట నున్నదో, విమానములెన్ని యున్నవో ఎవరును అడుగబోరు. కాని సైరను మ్రోగినపుడు ఎచట తలదాచుకొనవలెను, దీపము ఎప్పుడు ఆర్పవలెను, గాయపడినవారిని ఏ ఆసుపత్రికి చేర్చవలెను, వార్తను ఎవరినోట వినవలెను అనునవి రహస్యములు కావు. అవి తెలిసిన ప్రజలు శత్రువునకు లొంగరు. శత్రువునుండి దాచవలసినదానికిని పౌరునికి చెప్పవలసినదానికిని భేదమెరుగుటయే పాలనానైపుణ్యము.

ఈ మాట నేడు చెప్పుటకు కారణము కలదు. మన సమీపమందలి రాంబిల్లి తీరమున నౌకాదళమువారి గొప్ప స్థావరము తలపెట్టబడినది. అచ్యుతాపురమున కర్మాగారములు వెలసినవి. దేశరక్షణకును జీవనోపాధికిని ఇవి వలసినవే. అయితే కోటకు దగ్గరనున్న పల్లె కోటతోపాటు గురికి లోబడును. ముప్పు ఆకసమునుండియే రానక్కరలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున ఒక ఔషధకర్మాగారమందలి ప్రేలుడులో 17 మంది కార్మికులు మరణించిరి. 2025 మే 7న విశాఖపట్టణమున పౌరరక్షణాభ్యాసము జరిగినది; సంతోషము. అట్టి అభ్యాసము పెద్దనగరముతో ఆగిపోరాదు. ఎలమంచిలి బజారునకును, పూడిమడక గంగపుత్రుల పేటలకును, రాంబిల్లి పాఠశాలలకును అది రావలెను. సముద్రముపై మొదట చూచు కన్ను బెస్తవానిది. బాథర్స్టు దీవి మతగురువువలె అతడు చెప్పినమాట వినుటకు అధికారుల చెవి తెరచియుండవలెను. స్థావరముకొరకు భూములను, వేటచోట్లను వదలుకొన్న కుటుంబములకు చెల్లవలసినది జాప్యములేక చెల్లింపవలెను. తనకు న్యాయము జరిగినదన్న నమ్మకముగలవాడే తీరమునకు నిజమైన కావలివాడు.

మరియొక కర్తవ్యము మనదే. 1942లో పదియేండ్ల బాలుడుగా నున్నవాడు నేడు తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు. ఆనాటి పరుగులను, చీకటిరాత్రులను, వచ్చినవారికి అన్నముపెట్టి ఆశ్రయమిచ్చిన పల్లెలను జ్ఞాపకముంచుకొన్నవారు ఇక కొద్దిమందియే మిగిలియుందురు. మన గ్రంథాలయములును పాఠశాలలును వారికడకు పోయి, వారి మాటలను వ్రాసి భద్రపరుపవలెను. జపానువారి నౌకల పేర్లు, విమానముల లెక్కలు పుస్తకములలో దొరకును. మనవారు పడిన పాట్లు మాత్రము మనమే వ్రాసికొననిచో దొరకవు.

విమానములు మారుచునే యుండును. 97వ తరగతి పోయినది, సీ హాక్ పోయినది. నేడు మనుష్యుడే లేక ఎగురునవి వచ్చినవి. మారనిది ఒక్కటే: ముందుగా తెలిసిన ఊరు నిలుచును, తెలియని ఊరు చెదరును. ఫిరంగులు రెండవకోట, విమానములు మూడవకోట. తీరమునకు తొలికోట నిజమెరిగిన ప్రజ. ఆ కోటను కట్టుటకు కావలసిన రాయి నిజము. దానిని అందించుట పాలకుల విధి, అడిగి తీసికొనుట పౌరుల విధి.