ఆరున్నర కాల్, అరవై ఒక్క ఫొటోలు

నా ఫోన్‌లో సూర్యుడి ఫొటోలు రెండు వేలకు పైనే ఉన్నాయి. బస్సు కిటికీలోంచి, హోటల్ డాబా మీంచి, ఆఫీసు పార్కింగ్‌లోంచి తీసినవి. ఎక్కడికెళ్లినా ఒక భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, ఇంకో భుజాన ఈ పిచ్చి.

ఉదయాలతో నాకు పేచీ లేదు. మాది భీమిలి. సెలవుల్లో ఇంటికెళ్తే పొద్దున్నే బీచ్‌లో నిలబడతా, సముద్రంలోంచి సూర్యుడు పైకొస్తాడు. ఆ టైమ్‌లో ఎవరూ మీటింగ్ పెట్టరు.

గొడవంతా సాయంత్రాలతోనే. మా క్లయింట్ అమెరికా తూర్పు తీరంలో ఉంటాడు. వాళ్ల ఉదయం 9 గంటల స్టాండప్ మనకి సాయంత్రం 6:30. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పితే 7:30 అవుతుంది, మార్చిలో మళ్లీ 6:30. నేనుండే హైదరాబాద్‌లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పొద్దుగుంకేది దాదాపు 6:30కీ 6:55కీ మధ్యే. అంటే ఆ అయిదు నెలలూ నా కాల్, సూర్యుడు ఒకే స్లాట్ బుక్ చేసుకున్నట్టు!

పోయిన మే నెలలో అమ్మానాన్నల్ని గోవా తీసుకెళ్లా. లీవు దొరకలేదు, "అక్కణ్నుంచే పని చేస్తా" అని ఒప్పుకుని బయల్దేరా. నాన్న పుట్టినప్పట్నుంచీ సముద్రం పక్కనే ఉన్నారు. కానీ సూర్యుడు సముద్రంలోకి దిగడం ఆయన ఎప్పుడూ చూడలేదు. మనది తూర్పు తీరం కదా, సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. ఆ ఒక్కటీ చూపిద్దామనే ఇద్దర్నీ కోల్వా బీచ్‌కి తీసుకెళ్లా.

6:30కి కాల్ మొదలైంది. చెవిలో ఇయర్‌బడ్, చేతిలో కెమెరా ఆన్ చేసిన ఫోన్. అమ్మానాన్న కాస్త ముందు, నీళ్ల దగ్గర నిలబడ్డారు. క్లిక్, క్లిక్. మధ్యలో ఎవరో నా పేరు పిలిచి ఏదో అడిగారు. సగమే వినిపించింది. "ఓకే, షూర్" అనేశా. శనివారం రిలీజ్‌కి నేనే కూర్చుంటానని ఒప్పుకున్నట్టు రాత్రి మెయిల్ చూస్తే తెలిసింది.

తిరిగొస్తుంటే నాన్న అడిగారు: "చివర్లో అడుగున ఎవరో నొక్కేసినట్టు చదునుగా అయిపోయింది, చూశావురా?"

చూడలేదు. ఫొటోల్లో ఉంటుందిలే అనుకున్నా. రూమ్‌కొచ్చి మొత్తం 61 ఫొటోలూ వెతికా. అన్నిట్లోనూ ఒకటే తెల్లటి మచ్చ.

నాన్న చూసింది నిజమే. దిగంతం దగ్గర కాంతి మందమైన గాలిపొరల్లోంచి వస్తూ వంగుతుంది. సూర్యుడి కింది అంచు నుంచి వచ్చేది పై అంచు కన్నా ఎక్కువ వంగుతుంది, అందుకే నొక్కినట్టు కనిపిస్తాడు. ఇంకో విచిత్రం: సూర్యుడు నీళ్లని తాకినట్టు మనకి కనిపించే క్షణానికి నిజానికి అప్పటికే కిందికి దిగిపోయి ఉంటాడు. మనం చూసేది గాలి పైకెత్తి చూపించే సూర్యుణ్ని.

అది ఫోన్‌లో ఎందుకు పడలేదంటే తప్పు నాదే. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. మామూలు 1ఎక్స్‌లో తీస్తే నాలుగు వేల పిక్సెల్స్ వెడల్పున్న ఫొటోలో పాతిక, ముప్పై పిక్సెల్సే. మీ ఫోన్‌లో టెలిఫొటో లెన్స్ ఉంటే అది వాడండి. సూర్యుడి మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. పక్కన వచ్చే గుర్తుని కిందికి జార్చి వెలుతురు తగ్గించండి. అప్పుడే గుండ్రటి అంచు కనిపిస్తుంది. సూర్యుడు మునగ్గానే లేచిపోకండి. మబ్బులుంటే అసలు రంగులు ఆ తర్వాత పది, పదిహేను నిమిషాల్లో వస్తాయి.

కానీ నా అసలు సమస్య సెట్టింగ్స్ కాదు, క్యాలెండర్. శనివారం రిలీజ్ అయ్యాక మా లీడ్‌ని అడిగేశా, వారంలో రెండ్రోజులు కాల్ 7:30కి పెట్టొచ్చా అని. ఆయన క్లయింట్‌ని అడిగారు. వాళ్లకి అది ఉదయం 10. "మాకూ కాఫీ తాగే టైమ్ దొరుకుతుంది" అన్నారట! మూడేళ్లుగా నేను అడగలేదు, అంతే.

ఇప్పుడు మంగళ, గురువారాల్లో డాబా ఎక్కుతా. రెండు ఫొటోలు తీసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటా, నాన్నకి కాల్ చేయడానికి. భీమిలిలో హైదరాబాద్ కన్నా దాదాపు 20 నిమిషాల ముందే పొద్దుగుంకుతుంది.

"మా దగ్గర అయిపోయింది. నీ దగ్గరికే పంపించా, చూడు" అంటారు.

చూస్తున్నా.