జిల్లా ప్రణాళిక జిల్లాలోనే పుట్టాలి

193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న శ్రీకాకుళం జిల్లా తన మత్స్యకారులకు ఏడాది పొడవునా పని చూపలేకపోతోంది. గుజరాత్‌లోని వెరావల్‌కు వలసలు ఆగడం లేదు. అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులే 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ చెర వీడలేదు. కొరత వనరులకు కాదు, వాటిని కలిపి చూసే ప్రణాళికకు.

జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్నే తీసుకోండి. పలాస జీడిపప్పుకు దేశమంతటా గిరాకీ. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు మాత్రం జీడి రసానికి పొక్కిపోతాయి. చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీ జబ్బు కుటుంబాలను కుంగదీస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ తర్వాత పలాసకు కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చాయి. మూలపేటలో ఓడరేవు పనులు మొదలయ్యాయి. అన్నీ అవసరమైనవే. అయితే రేవులో కొలువులకు స్థానిక యువతకు శిక్షణ ఎవరివ్వాలి? జీడి పరిశ్రమ లాభంలో కూలీకి వాటా పెరిగేదెలా? ఏ శాఖ దస్త్రం ఆ శాఖదే అయినప్పుడు ఈ ప్రశ్నలకు బాధ్యులు ఉండరు.

రాజ్యాంగం ఈ బాధ్యతను జిల్లాకే అప్పగించింది. 74వ సవరణతో వచ్చిన 243జెడ్‌డీ అధికరణ ప్రకారం జిల్లా ప్రణాళికా కమిటీలో కనీసం అయిదింట నాలుగు వంతుల మంది జిల్లాలోని స్థానిక ప్రజాప్రతినిధులు ఎన్నుకున్నవారే ఉండాలి. నీరు, ఇతర వనరుల పంపకం, మౌలిక వసతులు, పర్యావరణం అన్నీ వారి పరిధిలోవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో ఇందుకు చట్టమూ చేసింది. అయినా పథకాలు రాజధానిలో ఖరారవుతున్నాయి. జిల్లా సమావేశాలు సమీక్షలతో ముగుస్తున్నాయి. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించింది. డబ్బు చేతికొచ్చాకే అక్కడి గ్రామసభల మాటకు విలువ పెరిగింది.

మన దగ్గర కమిటీలకు ఎన్నికలు జరపాలి, షరతుల్లేని నిధులివ్వాలి, వాటి ప్రణాళికను బడ్జెట్‌కు ముందే శాసనసభ ముందుంచాలి. 2022లో జిల్లాలు విడిపోయినా వంశధార, నాగావళి నదులు విడిపోలేదు. అందుకే ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటికీ ఉమ్మడి ప్రాంతీయ మండలి కావాలి. అధికారం, నిధులు జిల్లాకు దించకుండా వెనుకబాటుతనం పోగొడతామంటే ప్రజలు నమ్మనక్కర్లేదు.