గాదె నిండినా గిన్నె ఎందుకు నిండలేదు?

బాలలూ! ఈ నెల మీకొక లెక్క ఇస్తాను. పలక అక్కరలేదు, నోటితో చెబితే చాలు.

ఒక ఊళ్ళో నూరు కుటుంబాలున్నాయి. ఆ నూరు కుటుంబాలకూ ఏడాదికి సరిపోయే ధాన్యం ఆ ఊరి గాదెల్లో ఉన్నది. అయితే ఆ ఊళ్ళో పస్తులున్నవారు ఎందరు?

"ఒక్కరూ ఉండరు!" అంటారు మీరు. ఒకప్పుడు నేను కూడా అలాగే అనేవాణ్ణి. ఆ జవాబు తప్పని నాకు మొట్టమొదట నేర్పినవాడు మూడో తరగతి కుర్రవాడు.

అప్పటికి నేను ఉపాధ్యాయుడిగా చేరి ఎంతో కాలం కాలేదు. సంక్రాంతి వెళ్ళి పది రోజులయింది. ఊళ్ళో ఎక్కడ చూసినా ధాన్యపు రాసులే. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. వెనక వరసలో ఒక కుర్రవాడు గోడకు తల ఆనించి తూగుతున్నాడు. నాకు కోపం వచ్చింది.

"ఒరే! నువ్వు బడికి వచ్చింది నిద్రపోవడానికా?" అని కేకలేసి, గోడకుర్చీ వేయించాను. కాసేపటికి వాడు ఉన్నచోటనే కూలబడ్డాడు. దగ్గరకు వెళ్ళి లేవదీసి అడిగితే, "నిన్న పొద్దుటినుంచి ఏమీ తినలేదండీ మాస్టారూ. మా నాన్నకు జొరం. పనికి పోలేదు" అన్నాడు.

వాడి నాన్న ఆ ఊళ్ళో కుప్పలు నూర్చే కూలివాడు. ఆయన నూర్చిన రాసి బడి కిటికీలోనుంచి కనబడుతూనే ఉన్నది. రాసి అక్కడ ఉన్నది. అన్నం మాత్రం వాళ్ళ ఇంట్లో లేదు. ఇది ఎలా జరిగింది? ఆ రోజు నాకు సిగ్గు వేసింది కాని, జవాబు తోచలేదు. చాలా ఏళ్ళ తరవాత ఒక పుస్తకంలో ఆ జవాబు దొరికింది. ఆ పుస్తకం రాసినాయన కూడా ఈ ప్రశ్నను మీ వయసులోనే ఎదుర్కొన్నాడు. ఆయన పేరు అమర్త్యసేన్.

సేన్ 1933 నవంబరు 3న వంగదేశంలోని శాంతినికేతనంలో పుట్టాడు. తాతగారు క్షితిమోహన్ సేన్ అక్కడ గొప్ప సంస్కృత పండితులు. "అమర్త్య" అనే పేరు పెట్టినది రవీంద్రనాథ ఠాకూరే. తండ్రి ఢాకాలో రసాయనశాస్త్రం బోధించేవారు. రెండో ప్రపంచయుద్ధం ముదిరి, పట్టణాలమీద బాంబులు పడతాయనే భయం పుట్టడంతో, పిల్లవాణ్ణి శాంతినికేతనంలో తాతగారి దగ్గర ఉంచారు.

1943 వచ్చింది. సేన్‌కు తొమ్మిదేళ్ళు. ఆకలితో మతి చలించిన ఒక మనిషి బడి ఆవరణలోకి వచ్చాడు. తరవాత ఇద్దరు, పదిమంది, వందలమంది వచ్చారు. తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని కలకత్తా దారి పట్టారు. బియ్యం కాకపోతే గంజి అయినా పోయమని ఇంటింటా అడిగారు. మనవడు వాళ్ళకు బియ్యం పెడతానంటే, తాతగారు ఒక చిన్న సిగరెట్టు డబ్బా ఇచ్చి, అదే కొలతగా కుటుంబానికి ఒకసారి పెట్టమన్నారు. వచ్చేవాళ్ళు అంతమంది! ఆ కరువులోనూ, దాని వెంట వచ్చిన రోగాలలోనూ సుమారు 20 లక్షలనుంచి 30 లక్షలమంది చనిపోయారు.

ఆ పిల్లవాడు ఒక విచిత్రం గమనించాడు. ఇంతమంది చనిపోతున్నా, తన బంధువుల్లో ఒక్కరూ పస్తులేదు. తన తరగతి పిల్లల ఇళ్ళలోనూ అంతే. కరువు ఊరందరిమీదా వర్షంలాగా పడలేదు. కొన్ని ఇళ్ళనే ఏరుకున్నది. పొలం కూలీలు, జాలరులు, చిన్న చిన్న చేతిపనులవాళ్ళు, వీళ్ళ ఇళ్ళనే అది ఏరుకున్నది.

మరుసటి ఏడు ఢాకాలో మరొక సంగతి జరిగింది. పట్టణంలో హిందువులకూ, ముస్లిములకూ కొట్లాటలు జరుగుతున్నాయి. ఒకనాడు గాయపడిన ముస్లిం కూలివాడొకడు సేన్ ఇంటి తోటలోకి వచ్చి పడ్డాడు. సేన్ నీళ్ళిచ్చి, తండ్రిని కేకేశాడు. తండ్రి అతణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాడు. అయినా ఆ మనిషి బతకలేదు. "ఈ రోజుల్లో ఆ పేటకు వెళ్ళవద్దని నా భార్య చెప్పింది. ఇంట్లో పిల్లలకు తిండి లేదు, అందుకని వచ్చాను" అని దారి పొడుగునా అన్నాడట. పేదరికం మనిషికి తిండినే కాదు, ప్రాణం కాపాడుకునే స్వేచ్ఛను కూడా లేకుండా చేస్తుందని ఆ పిల్లవాడి మనసులో నాటుకున్నది.

సేన్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలోనూ, ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోనూ అర్థశాస్త్రం చదివాడు. 23 ఏళ్ళు నిండకుండానే, 1956లో, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. తరవాత ఢిల్లీలో, లండనులో, ఆక్స్‌ఫర్డ్‌లో, అమెరికాలోని హార్వర్డ్‌లో పాఠాలు చెప్పాడు. ఇన్ని పేరుమోసిన చోట్ల తిరిగినా చిన్ననాటి ప్రశ్న ఆయనను వదలలేదు. కరువు వచ్చిన ముప్పై ఏళ్ళకు ఆయన ఆ లెక్కలు మళ్ళీ విప్పాడు.

పరిశోధన అనగానే మీకు గాజు గొట్టాలూ, సారాయి దీపాలూ గుర్తుకు వస్తాయి. సేన్‌గారి పరిశోధనకు కావలసినవి పాత చిట్టాలు! ఏ సంవత్సరం ఎంత ధాన్యం పండింది? ఎంత దిగుమతి అయింది? ఏ నెలలో బియ్యం ధర ఎంత? కూలి ఎంత? పాలకు, చేపలకు, క్షౌరానికి ఎంత ఇచ్చేవారు? ఇవన్నీ ఆయన పోగుచేశాడు.

అప్పుడు ఒక సంగతి బయటపడింది. అంతవరకూ అందరూ "బియ్యం లేకనే జనం చనిపోయారు" అనుకున్నారు. కాని ఆయన లెక్క ప్రకారం 1943లో ఉన్న తిండిగింజలు అంతకు ముందరి అయిదేళ్ళ సగటుకన్న సుమారు నూటికి 5 వంతులు మాత్రమే తక్కువ. 1941లో ఉన్నవాటికన్న ఎక్కువే! మరి 1941లో కరువు రాలేదేం?

ధరల చిట్టా చూడండి. కలకత్తాలో 1942 డిసెంబరులో మణుగు బియ్యం 13, 14 రూపాయలు. బెంగాలు మణుగంటే సుమారు 37 కిలోలు. 1943 మార్చికి అది 21 రూపాయలయింది. మే నెలలో 30 దాటింది. ఆగస్టుకు 37 అయింది!

ధర ఎందుకు పెరిగింది? జపాను సైన్యం 1942లో బర్మాను పట్టుకోగా అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. యుద్ధం ఖర్చుకింద వంగదేశంలో డబ్బు విపరీతంగా చలామణీ అయింది. సైన్యానికీ, కలకత్తాకూ కావాలని బియ్యం ఎగబడి కొన్నారు. శత్రువు చేతికి చిక్కుతాయని సముద్రతీరంలో పెద్ద పడవల్ని ప్రభుత్వంవారు తీసేయించారు. జాలరుల జీవనం పోయింది. 1942 అక్టోబరులో తుఫాను వచ్చి మిద్నపూరు ప్రాంతాన్ని ముంచింది. ఇంకా పెరుగుతుందని వర్తకులు సరుకు దాచారు.

ధర పెరిగితే ఏమవుతుందో మంగలి ఉదాహరణతో చూద్దాం. అంకెలు నేను కల్పించినవి. రూపాయికి 16 అణాలని గుర్తుంచుకోండి. మంగలి రోజుకు 6 అణాలు సంపాదిస్తాడు. శేరు బియ్యం 2 అణాలు. అంటే 3 శేర్లు కొనగలడు. ఇప్పుడు శేరు 6 అణాలయింది. బియ్యానికే డబ్బు చాలక జనం జుట్టు కత్తిరించుకోవడం వాయిదా వేశారు. మంగలి సంపాదన 3 అణాలకు పడిపోయింది. ఇప్పుడెంత కొనగలడు? అర శేరు! కొట్లో బియ్యం తగ్గలేదు. మంగలి ఇంట్లో మాత్రం ఆరో వంతు అయింది. ఇది జరిగిన సంగతే. శాంతినికేతనానికి దగ్గరగా ఉన్న బోల్‌పూరులో క్షౌరం కూలితో కొనగల బియ్యం ఎలా పడిపోయిందో సేన్‌గారు లెక్కకట్టి చూపించారు.

అందుచేత ఆయన ఇలా అన్నారు: దేశంలో తిండి ఉండటం వేరు, ఆ తిండి పొందే అధికారం ప్రతి మనిషికీ ఉండటం వేరు. మనిషి పండించుకుని తినాలి, లేదా సంపాదించి కొనుక్కోవాలి, లేదా ప్రభుత్వంనుంచి పొందాలి. ఈ దారులన్నీ మూసుకుపోతే గాదె పక్కనే కూర్చుని కూడా ఆకలితో పోతాడు. 1981లో అచ్చయిన "పావర్టీ అండ్ ఫేమిన్స్" అనే పుస్తకంలో ఆయన ఇదంతా వివరించారు. 1974లో బంగ్లాదేశ్‌లో వచ్చిన కరువును, 1973లో ఇథియోపియాలోని వొల్లో ప్రాంతపు కరువును కూడా అందులో పరిశీలించారు. వొల్లోలో జనం చనిపోతుండగానే అక్కడినుంచి కొంత ధాన్యం పైప్రాంతాలకు తరలిపోయింది!

ఆయన లెక్కలను కొందరు పండితులు ఒప్పుకోలేదు. 1943లో పంట ఆయన అనుకున్నదానికన్న బాగా తక్కువేనని వాదించారు. ఆ వాదం ఇంకా సాగుతున్నది. శాస్త్రంలో అది మంచిదే. అయినా, ఉన్న గింజలు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అని కూడా అడగాలన్న సంగతి ఆయనవల్లనే లోకానికి బాగా బోధపడింది.

దీనివల్ల ప్రయోజనం ఏమిటని మీ నాన్నగారు అడగవచ్చు. రోగం పేరు తప్పుగా చెబితే మందు కూడా తప్పే అవుతుంది. 1943లో ప్రభుత్వంవారు గింజల లెక్క చూసుకుని, పెద్ద కొరత లేదు కదా అని చాలాకాలం కళ్ళు మూసుకున్నారు. కరువు వచ్చిందని ప్రకటించనే లేదు. ఆ ఏడు ఆగస్టు 22న "స్టేట్స్‌మన్" పత్రిక సంపాదకుడు అయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధులలోని ఆకలి మనుషుల ఫొటోలను అచ్చువేశాడు. అప్పుడు గాని లోకానికి నిజం తెలియలేదు. స్వేచ్ఛగా రాసే పత్రికలూ, ఓటుకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వమూ ఉన్న స్వతంత్ర దేశంలో పెద్ద కరువు రాలేదని సేన్‌గారు చెప్పడానికి కారణం ఇదే.

సరైన మందు ఎలా ఉంటుందో కూడా చూడండి. 1972-73లో మహారాష్ట్రలో వానలు లేక పంటలు పోయాయి. ప్రభుత్వం రోడ్లూ, చెరువులూ పనులు పెట్టి, ఒక దశలో సుమారు 50 లక్షలమందికి కూలి ఇచ్చింది. చేతిలో డబ్బు పడింది, కొనుక్కుని తిన్నారు. పంట పోయినా జనం పెద్దయెత్తున చావలేదు. సేన్‌గారూ, జాఁ ద్రెజ్ అనే మరొక పండితుడూ కలిసి ఇటువంటి అనుభవాలను పరిశీలించి 1989లో ఇంకొక పుస్తకం రాశారు. గ్రామాల్లో కోరినవారికి పని ఇవ్వాలని 2005లో మన పార్లమెంటు చట్టం చేసినప్పుడు ద్రెజ్ అందుకు కృషి చేసినవారిలో ఒకరు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైనది కరువులకు పేరుబడ్డ మన అనంతపురం జిల్లాలోనే, బండ్లపల్లి గ్రామంలో!

1998లో సేన్‌గారికి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం, మరుసటి ఏడు భారతరత్న వచ్చాయి. నోబెల్ సొమ్ముతో ఆయన ప్రతీచీ ట్రస్టును పెట్టారు. పిల్లల చదువు, ఆరోగ్యం ఎలా ఉన్నాయో అది బడులకు వెళ్ళి విచారించి నివేదికలు రాసింది.

ఇంక నా కుర్రవాడి సంగతి. ఆ రోజు వాణ్ణి మా ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టించాను. కాని ఒక మాస్టారి దయమీద ఒక పిల్లవాడి భోజనం ఆధారపడకూడదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటిలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. ఆ వార్త చదివిన పూట నాకు బడి కిటికీ, అవతలి రాసి, గోడకుర్చీలో వణికే ఆ చిన్న మోకాళ్ళు కళ్ళకు కట్టాయి. వాడి ఆకలి నా కోపం చూసి తీరలేదు. వాడికి తినే అధికారం ఉండవలసింది.

బాలలూ, ఈ నెల మీకొక పని. ఇవాళ మీ కంచంలోకి వచ్చిన అన్నం ఏ దారిన వచ్చిందో, పండించినదా, కొన్నదా, రేషనులో వచ్చినదా, అమ్మనడిగి రాసుకోండి. ఆ దారి ఒక్క నెల మూసుకుపోతే ఇంకొక దారి ఉన్నదా అని కూడా అడగండి. మీ తరగతిలో ఎవరైనా తూగుతుంటే, నవ్వేముందు, "పొద్దున ఏం తిన్నావు?" అని మెల్లిగా కనుక్కోండి. నేను ఆ మాట ఆలస్యంగా అడిగాను. మీరు ముందే అడగండి.