చలివేంద్రం దగ్గర టోకెన్ల తోపులాట

రెండాంగ్ అంటే ఇండోనేషియాలో మాంసం కూర. తపాయ్ అంటే పులియబెట్టి చేసే ఓ తీపి వంటకం. వంటింట్లో ఉండాల్సిన ఈ పేర్లు 2025 నవంబరులో కంప్యూటర్ భద్రతా నిపుణుల్ని తలపట్టుకునేలా చేశాయి.

ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తాము రాసిన కోడ్‌ని పదిమందికీ అందుబాటులో ఉంచే పెద్ద గోదాం ఒకటుంది. దాని పేరు ఎన్‌పీఎం. ఎవరైనా అందులో పెట్టొచ్చు, ఎవరైనా పైసా ఇవ్వకుండా తీసుకోవచ్చు. అలాంటిచోట ఓ మనిషి పేరు, ఓ వంట పేరు, ఓ అంకె అతికించిన ప్యాకేజీలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఇవీ, ఇదే బాపతు మిగతావీ కలిపి అమెజాన్ నిపుణులు లెక్కపెడితే 1,50,000 దాటాయి. విప్పి చూస్తే పనికొచ్చే సరుకేమీ లేదు. పోనీ పాస్‌వర్డులు కాజేసే దొంగ ప్రోగ్రాములా అంటే అదీ కాదు. మరి ఇంత శ్రమ దేనికి? టోకెన్ల కోసం!

టోకెన్ అనగానే టిఫిన్ హోటల్ కౌంటర్లో ఇచ్చే చీటీ గుర్తొస్తుంది. క్రిప్టో టోకెనూ ఓ రకంగా చీటీయే. కాగితం ఉండదు, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్న చిట్టా బోలెడు కంప్యూటర్లలో ఒకేసారి నమోదై ఉంటుంది. కొనేవాళ్లుంటే దానికో ధర పలుకుతుంది. ఇడ్లీ వస్తుందన్న హామీ మాత్రం ఉండదు.

ఈ చీటీకీ ప్రోగ్రాములకీ ముడి ఎలా పడిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే ఎండాకాలం చలివేంద్రం లాంటిది. ఎవరో నీళ్లు పోస్తారు, దారినపోయే వాళ్లంతా తాగుతారు. కుండ నింపేదెవరని అడిగేవాళ్లుండరు. కుండ పగిలిన రోజే ఆ మనిషి గుర్తొస్తాడు. 2014లో సరిగ్గా అదే జరిగింది. ఇంటర్నెట్‌లో మన బ్యాంకు వివరాలు ఎవరికంటా పడకుండా కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాంలో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. లోకమంతా గగ్గోలు పెట్టింది. తీరా ఆరా తీస్తే, కోట్లమంది ఆధారపడ్డ ఆ ప్రోగ్రాంకి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లట. కోట్లకు పడగలెత్తిన కంపెనీలెన్నో ఆ చలివేంద్రంలో దాహం తీర్చుకున్నవే.

ఈ బాధ బాగా తెలిసిన మనిషి మ్యాక్స్ హోవెల్. మ్యాక్ కంప్యూటర్లలో ప్రోగ్రాములు తేలిగ్గా ఎక్కించుకోవడానికి 2009లో హోమ్‌బ్రూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. ప్రోగ్రామర్లు దాన్ని తెగ వాడేశారు. ఆయన గూగుల్‌లో ఉద్యోగానికి వెళ్తే మాత్రం బోర్డు మీద ఓ చిక్కు ప్రశ్నకి జవాబు రాయలేదని వద్దన్నారట. తన సాఫ్ట్‌వేర్ వాడుకుంటూనే తనని కాదన్నారని 2015లో ఆయన ట్విటర్లో ఘాటుగా రాసిన మాటలు ప్రోగ్రామర్ల లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అదే హోవెల్ 2022లో 'టీ' అనే పథకంతో ముందుకొచ్చాడు. బినాన్స్ ల్యాబ్స్ తదితరులు 80 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టారు. ఆలోచన వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఒక ప్రోగ్రాం మీద ఎన్ని ప్రోగ్రాములు ఆధారపడ్డాయో కంప్యూటరే లెక్కగడుతుంది. దాన్నిబట్టి మార్కులు వేస్తుంది. మార్కులనుబట్టి టోకెన్లు. అడుక్కోనక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. చేయాల్సిందల్లా ప్రాజెక్టులో ఓ చిన్న ఫైలు పెట్టి, టోకెన్లు ఏ ఖాతాకి వెయ్యాలో అందులో రాయడమే.

చిక్కు ఆ ఫైలు దగ్గరే మొదలైంది. 2024 ఫిబ్రవరిలో పథకాన్ని పరీక్షకి పెట్టారో లేదో, ముక్కూమొహం తెలియనివాళ్లు పేరున్న ప్రాజెక్టుల తలుపులు తట్టడం మొదలుపెట్టారు. 'మీ ప్రాజెక్టులో ఈ ఫైలు చేర్చండి' అని వినతులే వినతులు. తెరిచి చూస్తే ఖాతా నంబరు మాత్రం అడిగినవాళ్లది! అన్నదానం చేసేది ఒకరు, హుండీ పెట్టుకునేది మరొకరు అన్నమాట. జీతం భత్యం లేకుండా రాత్రిళ్లు మేలుకుని కోడ్ సరిచేసేవాళ్లకి ఈ వినతులన్నీ ఒక్కొక్కటే చదివి మూసెయ్యడం అదనపు చాకిరీ అయ్యింది. వాళ్ల కష్టం తీర్చడానికి పుట్టిన పథకమే వాళ్ల నెత్తిన మరో బరువు పెట్టింది.

రెండో రకం తెలివితేటలు ఇంకా గమ్మత్తు. పేరున్న ప్రాజెక్టు చేతికి చిక్కకపోతే సొంతంగా పుట్టిస్తే పోలా? నీ పెళ్లికి నేను చదివిస్తా, నా పెళ్లికి నువ్వు చదివించు అన్నట్టు, ఒకదాని మీద ఒకటి ఆధారపడినట్టు చూపే ఉత్తుత్తి ప్యాకేజీలు తయారుచేశారు. 2024 ఏప్రిల్ నాటికే అలాంటివి 15,000 దాకా పోగుపడ్డాయని సోనటైప్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. విచిత్రమేమిటంటే అప్పటికి అసలు టోకెన్లు చేతికి రానేలేదు. అదంతా పరీక్ష దశ. రేపెప్పుడో డబ్బవుతుందన్న ఆశే ఇంత పని చేయించింది. ఏడాదిన్నర తర్వాత రెండాంగ్, తపాయ్‌ల వంతు వచ్చేసరికి మనిషి కూర్చుని టైపు చెయ్యాల్సిన అవసరం కూడా లేదు. ఒక్కసారి మీట నొక్కితే కొన్ని క్షణాలకో కొత్త ప్యాకేజీ పుట్టుకొచ్చి గోదాంలో చేరిపోయేలా రాసిపెట్టుకున్నారు.

హోవెల్ ఉద్దేశం చెడ్డదని అనలేం. కానీ కుండ ఎంత నిండిందో చూసే మనిషి లేకుండా, వరసలో ఎన్ని గ్లాసులున్నాయో మాత్రమే లెక్కపెడితే ఖాళీ గ్లాసులు పెట్టేవాళ్లే ముందుంటారు. ఓ ప్రోగ్రాం నిజంగా పనికొస్తుందో లేదో, దానికి ఎక్కడ మరమ్మతు కావాలో తెలిసిన మనిషి కళ్లు పెట్టి చూడాల్సిందే.

టోకెన్ల జోలికి పోకుండా ఆ పని చేస్తున్నవాళ్లూ ఉన్నారు. జర్మనీలో ప్రభుత్వ సొమ్ముతో నడిచే సావరిన్ టెక్ ఫండ్ 2022లో మొదలైంది. ఫలానా ప్రాజెక్టులో ఫలానా పని చెయ్యాలని ముందే ఒప్పందం రాసుకుని, చేసేవాళ్లకి డబ్బిస్తుంది. లైనక్స్ కంప్యూటర్ల తెరని తీర్చిదిద్దే గ్నోమ్ ప్రాజెక్టుకి 2023లో 10 లక్షల యూరోలు కేటాయించింది. ఆ డబ్బుతో తలపెట్టిన పనుల్లో చూపు లేనివాళ్లు కంప్యూటర్‌ని సులువుగా వాడుకునేందుకు కావాల్సిన మార్పులు కూడా ఉన్నాయి.