యాప్‌లో అమ్మకూ చోటివ్వండి

పిల్లల చదువు యాప్‌లు తయారుచేసేవారికి, రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలకు, తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి చెబుతాను. నిరుడు సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో ఒక తల్లి వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తూ దారిలో ఆగింది. కొంగులో చుట్టుకున్న ఫోన్ తీసి నా చేతికిచ్చింది. “మా వాడికి నూట ఇరవై స్టార్లు వచ్చాయి మేడమ్. ఇక చదవడం వచ్చినట్టేగా?” అని అడిగింది. ఆ స్టార్లిచ్చే చదువు యాప్‌కి వాళ్లు డబ్బు కట్టారు. ఆమె కూలి మీద చూస్తే అది చిన్న మొత్తమేమీ కాదు.

పిల్లవాణ్ణి పిలిచి పలక ఇచ్చి ‘బెల్లం’ రాయమన్నాను. ‘బె’ రాశాడు. ‘ల’ రాశాడు. కింద వత్తు పెట్టాల్సిన చోట బలపం ఆగిపోయింది. సరే, ఫోన్‌లో చదివి చూపించు నాన్నా అన్నాను. తెర మీద ఒక మాట, దాని కింద నాలుగు బొమ్మలు. మొదటి బొమ్మను తాకాడు, ఎరుపు. రెండోది తాకాడు, ఎరుపు. మూడోది ఆకుపచ్చగా మారింది. చప్పట్ల మోత, ఒక స్టారు. పైనున్న మాట వైపు వాడు ఒక్కసారైనా చూడలేదు. ఆకుపచ్చ వచ్చేదాకా వేలు జరుపుతూ పోయాడు. నూట ఇరవై స్టార్లూ అలా వచ్చినవే.

తల్లి పక్కనే నిలబడి అంతా చూసింది. కాసేపటికి, “నాకు చదువు రాదు కదా మేడమ్. అందులో ఏం జరుగుతుందో నాకెట్టా తెలుస్తుంది?” అంది.

ఈ కరపత్రం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను. పిల్లల చదువు యాప్‌కు వాడకందారులు ఇద్దరు: బిడ్డ, బిడ్డ పక్కనుండే పెద్ద మనిషి. మన యాప్‌లు ఒకరి కోసమే తయారవుతున్నాయి. రెండో మనిషిని కూడా లెక్కలోకి తీసుకుని, ఆమెకు చదువు రాకపోయినా సరే, యాప్‌ను మొదటి నుంచీ ఇద్దరి కోసం కట్టాలని మా కోరిక.

తల్లిదండ్రులకు ఇప్పుడున్న చోటు

ఇప్పటి యాప్‌లలో తల్లిదండ్రులు రెండు చోట్లే కనిపిస్తారు. ఒకటి డబ్బు కట్టే చోట, రెండోది తాళం తీసే చోట. ఆ తాళం సంగతి చూడండి. ‘పెద్దలకు మాత్రమే’ అని ఇంగ్లీషులో రాసి, ఏడును ఎనిమిదితో గుణిస్తే ఎంత అని అడుగుతారు. నేను చెప్పిన ఇంట్లో నాలుగో తరగతి చదివే అక్క ‘ఏడెనిమిదులు యాభై ఆరు’ అని టక్కున చెప్పి తలుపు తీసేసింది. అమ్మకే ఆ తలుపు తెరుచుకోలేదు. పెద్దల కోసం పెట్టిన తాళం పిల్లలకు తెరుచుకుని పెద్దలను బయట నిలబెట్టింది.

లోపలికి వెళ్లగలిగినా ఆమెకు దొరికేది ఒక గ్రాఫు, కొన్ని శాతాలు, నాలుగు ఇంగ్లీషు మాటలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళల అక్షరాస్యత 60 శాతం కూడా లేదు. చదువుకున్న తల్లికైనా ‘72 శాతం’ అంటే రాత్రికి బిడ్డతో ఏం చేయాలో తెలుస్తుందా?

ఫోన్లు లేక వచ్చిన ఇబ్బంది కాదిది. పల్లె పిల్లల చదువుపై వచ్చే అసర్ సర్వే 2024 నివేదిక గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఫోన్ వాడకాన్నీ పరిశీలించింది. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడడం తెలిసినవారిలో అంతకుముందు వారం చదువు పనికి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. పరికరం ఇంటికి వచ్చేసింది. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ పరికరంతో బిడ్డ చదువులో చేయి వేసే దారి ఇంకా రాలేదు.

పెద్దలూ పిల్లలూ కలిసి చదవడం మనకు కొత్త కాదు

1947 జూలైలో మొదలైన చందమామ పిల్లల పత్రికే. కానీ ఇంటికి రాగానే ముందు ఎవరు చదవాలన్న పోటీలో పెద్దలూ ఉండేవారు. అక్షరం రాని నాయనమ్మ మనవడి చేత చదివించుకుని వినేది. బేతాళ కథ చివర ప్రశ్న రాగానే పుస్తకం మూసి, విక్రమార్కుడు ఏం చెబుతాడో ఇంటిల్లిపాదీ వాదించుకునేవారు. చదివే నోరు పిల్లవాడిది, తీర్పు చెప్పే అనుభవం నాయనమ్మది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి నడిపిన బాలల కార్యక్రమాలనూ ఇంట్లో పెద్దలు పిల్లల పక్కన కూర్చునే విన్నారు. అమెరికాలో 1969లో మొదలైన సెసమి స్ట్రీట్ టీవీ కార్యక్రమం పెద్దలు నవ్వుకునే మాటల్ని కావాలనే కలిపింది, బిడ్డ పక్కన వాళ్లూ కూర్చుంటారని.

చదువు రాని తల్లికి ఏమీ తెలియదనుకోవడం పెద్ద పొరపాటు. గింజలు పుంజీల లెక్కన ఎంచడం ఆమెకు తెలుసు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని పెద్దవాళ్లు నోటికి చెబుతారు. మేం మూడో తరగతిలో భిన్నాలని చెప్పేది దాన్నే. వామనగుంటలు ఆడుతూ చివరి గింజ ఏ గుంటలో పడుతుందో ముందే లెక్కగట్టడం తెలుసు. పొడుపుకథలు తెలుసు. ‘గుడి’కీ ‘గుడ్డి’కీ, ‘కల’కీ ‘కల్ల’కీ తేడా ఆమె చెవికి తెలుసు. ద్విత్వాక్షరం నేర్పడానికి కావలసింది ముందుగా ఆ చెవే.

ఆ జనవరి నుంచి నేను ఒక పని చేశాను. శనివారం సాయంత్రం పన్నెండుమంది తల్లులకు ఒక్కొక్కరికీ అర నిమిషం వాట్సాప్‌లో మాట్లాడి పంపేదాన్ని. ఆ తల్లికి మొదటి వారం పంపిన మాటలివి: “అమ్మా, మీ వాడికి కావత్తు, తావత్తు వచ్చేశాయి. లావత్తు దగ్గర ఆగుతున్నాడు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు బెల్లం, పిల్లి, ఉల్లిపాయ అనిపించండి. ఎక్కడ నొక్కి పలుకుతున్నాడో అడగండి. తర్వాత పలక మీద రాయమనండి. తప్పు రాస్తే ఏమీ అనొద్దు, సోమవారం నేను చూస్తాను.” సోమవారం వాడు పలక చెరపకుండా సంచిలో పెట్టుకొచ్చాడు. మూడు మాటల్లో రెండు సరిగ్గా ఉన్నాయి. పన్నెండుమందికి నేను చేయగలిగాను. వేలమందికి చేయడానికే కదా యాప్ ఉన్నది!

మేం కోరుతున్నవి

1. పెద్దలతో నోటిమాటగా మాట్లాడాలి. వారానికోసారి అర నిమిషం తెలుగు మాట: ఏం వచ్చింది, ఎక్కడ ఆగుతున్నాడు, ఈ వారం ఇంట్లో ఏం చేయాలి. గ్రాఫులు కావలసినవారికి గ్రాఫులు ఇవ్వండి. మాట మాత్రం అందరికీ వినిపించాలి.

2. రోజూ ఒక్క పాఠమైనా ఇద్దరూ కలిసి చేసేదిగా ఉండాలి. పిల్లవాడు కథ చదివి వినిపిస్తే, చివర ప్రశ్న అమ్మకు రావాలి. జవాబు ఆమె చెబితే పిల్లవాడు రాయాలి. వంటింట్లో గింజలు, గ్లాసులు, రూపాయి బిళ్లలు పాఠానికి సామాను కావాలి. పది నిమిషాలు చాలు.

3. ఊహించి కొట్టినదానికి స్టారు ఇవ్వకూడదు. వరసగా రెండుసార్లు తప్పు తాకితే ఆట ఆగి, ఆ అక్షరం వినిపించి, వేలితో దిద్దించి, తర్వాతే ముందుకు పోనివ్వాలి. అక్కడ ఆగిన సంగతి పెద్దలకు తెలియాలి.

4. యాప్‌కు ఆపడం తెలియాలి. రెండేళ్లు నిండని బిడ్డలకు తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వారికి పెద్దల సమక్షంలో రోజుకు గంటకు మించవద్దనీ 2021లో భారత శిశువైద్యుల సంఘం చెప్పింది. పాఠం అయిపోగానే “ఇక చాలు, ఫోన్ అమ్మకిచ్చెయ్” అనాలి. ఒకరోజు రాకపోతే వరుస తెగిపోయిందని పసివాణ్ణి భయపెట్టే ఏర్పాటు తీసేయాలి. జ్వరం వచ్చిన బిడ్డ దుప్పట్లోంచి ఫోన్ కోసం ఏడవడం చదువు కాదు.

5. ఇంటిమాటను తప్పుపట్టకూడదు. ఒకే బొమ్మను గుంటూరు పిల్ల సొరకాయ అంటుంది, శ్రీకాకుళం పిల్ల ఆనపకాయ అంటుంది. ఒకరు బంగాళాదుంప అంటే ఒకరు ఆలుగడ్డ అంటారు. అన్నీ ఒప్పే. తన అమ్మ మాట మీద ఎర్రగీత పడితే ఆ బిడ్డ మరి నోరు విప్పదు.

6. పిల్లల వైపు ప్రకటనలు, కొనుగోలు బటన్లు ఉండకూడదు. డబ్బు సంగతులన్నీ పెద్దలతోనే, తెలుగులోనే జరగాలి. చేరడం ఎంత తేలికో మానుకోవడం కూడా అంత తేలిక కావాలి.

7. ఇంటికి ఒకే ఫోన్ అన్న నిజాన్ని ఒప్పుకోవాలి. ఆ ఫోన్ నాన్నది, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతుంది, అప్పటికి ఆనాటి డేటా అయిపోవస్తుంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడవాలి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకే ఫోన్‌లో ఎవరి బొమ్మ వాళ్లు నొక్కి ఎవరి పాఠంలోకి వాళ్లు వెళ్లగలగాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లి, తండ్రి లేదా సంరక్షకుల నిర్ధారించదగిన సమ్మతి ఉండాలి. పిల్లల కదలికల్ని వెంటాడడం, వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపడం కుదరదు. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. చదవలేని పత్రం కింద వేలితో నొక్కించుకున్నది మా దృష్టిలో సమ్మతి కాదు. దాన్ని తెలుగులో చదివి వినిపించండి.

డబ్బు విషయంలోనూ రక్షణ ఉంది. ప్రతి నెలా ఖాతాలోంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుకు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రుల్ని హెచ్చరించింది. చేర్చుకుని వదలకపోవడం, లేని తొందర పుట్టించడం వంటి 13 రకాల మాయల్ని 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. మోసపోయామనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి.

“తల్లులకు తీరిక ఎక్కడిది?”

ఈ మాట మేమూ విన్నాం. తొడిమలు తీసి వచ్చిన తల్లికి గంటసేపు కూర్చోబెట్టి పాఠం చెప్పే తీరిక లేదు, నిజమే. అన్నం పెడుతూ ఒక ప్రశ్న అడిగే తీరిక ఉంది. ఏ ప్రశ్న అడగాలో చెప్పేవాళ్లే లేరు.

ఖర్చెక్కువ అంటారు. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా, ఎవరైనా వాడుకునే అనుమతితో ఉన్నాయి. 2017 నుంచి ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షా నడుస్తోంది. పిల్లవాడు తెలుగులో చదువుతుంటే ఫోన్ విని దిద్దగలదని గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ ఇప్పటికే చూపించింది. సాంకేతికత ఉంది. అమ్మను వాడకందారుగా గుర్తించడమొక్కటే మిగిలింది.

విదేశాల్లోని తెలుగు ఇళ్లకూ ఇదే అవసరం. అక్కడ తల్లికి తెలుగు చదవడం వచ్చు, బిడ్డకు మాట్లాడడమే సరిగా రాదు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటివి వారాంతపు తరగతులు నడుపుతున్నాయి. మిగిలిన రోజుల్లో ఆ భాషను నిలబెట్టాల్సింది అమ్మానాన్నలే. ఒంటరిగా తెరతో మాట్లాడే బిడ్డకు తెలుగు అబ్బదు.

ఇక ఎవరు ఏం చేయాలి?

యాప్ తయారీదారులారా, విడుదలకు ముందు ఒక పల్లెలో పదిమంది తల్లుల చేతికి మీ యాప్ ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ వేలు ఆగుతుందో అక్కడ మార్చండి.

విద్యాశాఖలారా, ప్రభుత్వ బడుల కోసం పాఠాలు గానీ ట్యాబులు గానీ కొనేటప్పుడు ఈ ఏడు కోరికల్నీ ఒప్పందంలో షరతులుగా రాయండి. మీరు రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఇద్దరి కోసం యాప్ కూడా అడగండి.

ఉపాధ్యాయ మిత్రులారా, తల్లిదండ్రుల సమావేశాలు జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు పెద్ద ఎత్తున జరిగాయి. ఈసారి అక్కడ పిల్లలు వాడే యాప్‌లు తెరిచి చూపించండి.

అమ్మలారా, నాన్నలారా, ఈ రాత్రి మీ బిడ్డ ఫోన్ దించగానే మూడు మాటలు అడగండి. ఇవాళ ఏం నేర్చుకున్నావు? అది పలక మీద రాసి చూపిస్తావా? నాకు నేర్పుతావా? ఈ మూడింటికీ జవాబు రాకపోతే ఆ యాప్‌కు డబ్బు కట్టకండి. ఎందుకు కట్టడం లేదో వాళ్లకు తెలుగులోనే చెప్పండి.

ఈ కరపత్రం చదివినవారు చదవలేని ఒక తల్లికి దీన్ని చదివి వినిపించండి.